గమ్మునుండటం నేర్చుకోవడానికి తిరుపతి వెళ్ళాను

తిరుపతి నుంచి వచ్చానని తెలియగానే మా వీధిలో ప్రతివాళ్ళూ "దర్శనం బాగా జరిగిందా?" అని అడిగారు. జరగలేదు. వారం రోజులు కొండ కిందే ఉన్నాను. పొద్దున్నే కిటికీ తెరిస్తే కొండ ఎదురుగా కనబడేది, అంతే. లడ్డూ ఏదని చెయ్యి చాపినవాళ్ళకి బెల్లం ముక్కలు పెట్టాను. అదీ నిండు బెల్లం కాదు, ఓ పక్క విరిగింది. ఆ విరిగిన ముక్క ఏమైందో అందరికీ విడివిడిగా చెప్పలేక ఇలా రాస్తున్నాను.

నా పేరు వరలక్ష్మి. గోదావరి వైపు ఒక మెడికల్ కాలేజీలో ఇరవై రెండేళ్ళుగా ఫిజియాలజీ చెబుతున్నాను. అంటే ఒంట్లో గుండె, ఊపిరితిత్తులు, రక్తం ఎలా పనిచేస్తాయో చెప్పే సబ్జెక్టు. చెబుతున్నాను అంటే మామూలుగా కాదు. మైకు పెట్టుకోను, గంట కొట్టినా ఆపను. మా ఇంట్లో కూడా కుక్కర్ ఎందుకు కూస్తుందో చెప్పకుండా అన్నం వడ్డించనని మా ఆయన ఏడిపిస్తారు.

అలాంటిదాన్ని పట్టుకుని మా ప్రిన్సిపాల్ గారు ఓ రోజు గదిలోకి పిలిచారు. వచ్చే ఏడు నుంచి మొదటి సంవత్సరం పిల్లలకి లెక్చర్లు బాగా తగ్గించి, సమస్యల ద్వారా నేర్పే పద్ధతి పెడుతున్నామన్నారు. ఎనిమిదిమంది పిల్లలు ఓ బల్ల చుట్టూ కూర్చుంటారు. వాళ్ళ చేతికి ఒక రోగి కథ ఇస్తారు. వాళ్ళే ప్రశ్నలు వేసుకుని, వెతుక్కుని, తేల్చుకోవాలి. టీచరు పక్కనే కూర్చుంటుంది కానీ జవాబు చెప్పకూడదు. ఆ పద్ధతిలో తిరుపతిలో ఆరు రోజుల శిక్షణ ఉంది, ఇండోనేషియా నుంచి నేర్పేవాళ్ళు వస్తున్నారు, పాసైనవాళ్ళకే పిల్లల గ్రూపులు ఇస్తాం అన్నారు. నా దగ్గర చదువుకున్న అమ్మాయి ఒకతె అప్పటికే పాసై వచ్చింది.

"మరి పాసవని వాళ్ళు?" అని అడిగాను.

"రికార్డుల మీద సంతకాలు పెట్టే పని ఉంటుందిగా మేడమ్," అన్నారాయన, నా కళ్ళలోకి చూడకుండా.

అదీ సంగతి. రిటైరవడానికి ఇంకా పదేళ్ళుంది. ఆ పదేళ్ళూ పిల్లల ముందు కూర్చుంటానా, బీరువా పక్కన కూర్చుంటానా అన్నది ఆ ఆరు రోజుల్లో తేలాలి. భయం వేసింది. ఎవరికీ చెప్పలేదు గానీ బాగానే వేసింది.

గూడూరు

తిరుపతికి నేరుగా వెళ్ళే రైల్లో బెర్తు దొరకలేదు. చెన్నై రైలెక్కి గూడూరులో దిగి బండి మారాలి. దిగగానే మా గోదావరి బుద్ధి కొద్దీ, ఎదురుగా నిమ్మకాయల బుట్టతో కూర్చున్న ఆవిడతో బేరానికి దిగాను. మా ఊళ్ళో పది రూపాయలకి రెండు కాయలు, అవీ గోళీకాయలంత. అక్కడ ఇరవై రూపాయలకి ఓ సంచెడు పోసింది. ఇంత చవకేమిటని ఆశ్చర్యపోతూ, కాయల్లో రసం ఎక్కువ ఉండటానికి కారణం ఆవిడకే వివరిస్తూ ఉండగా, నేనెక్కాల్సిన బండి రెండో ప్లాట్‌ఫారం మీంచి కదిలి వెళ్ళిపోయింది.

"పోయె మీ బండి," అంది ఆవిడ ప్రశాంతంగా. "ఇంకోటి వస్తాదిలే. యాడికి మేడమ్ పోయేది? తింటిరా?"

ముక్కూ మొహం తెలియని మనిషి తిన్నారా అని అడిగితే మా వైపు వెంటనే అనుమానం వస్తుంది, ఏదో అంటగడుతోందని. తిన్నానని అబద్ధం చెప్పాను. ఆవిడ నమ్మలేదు. తన క్యారియర్ మూతలో నాలుగు ముద్దల పులుసన్నం పెట్టి ఇచ్చింది. డబ్బులివ్వబోతే మొహం చిట్లించింది. రైలు రావడానికి పట్టిన రెండు గంటల్లో నేను మాట్లాడింది చాలా ఉంది, ఆవిడ మాట్లాడింది ఆ నాలుగు ముక్కలే.

తిరుపతిలో ఆటో ఎక్కితే డ్రైవరు, "యాడ నించి మేడమ్ వస్తా ఉండేది? తింటిరా?" హాస్టల్ దగ్గర వాచ్‌మన్, "తింటిరా మేడమ్?" గది తాళం ఇచ్చిన గుమాస్తా కూడా అదే. నాలుగోసారికి నవ్వొచ్చింది. ఈ ఊళ్ళో నమస్కారానికి బదులు ఇదే కాబోలనుకున్నాను.

తిరుపతి, మొదటి రెండు రోజులు

ఇండోనేషియా నుంచి వచ్చినావిడ పేరు రత్న. అక్షరాలా రత్నే. జావా ద్వీపంలో పుట్టిన ముస్లిం మహిళ, తల చుట్టూ లేత పచ్చరంగు బట్ట, గాజు బొమ్మలాంటి మనిషి. మీకు ఈ పేరేమిటి అంటే, "మా అమ్మమ్మ పేరు. మా వీధిలో ముగ్గురు రత్నలున్నారు. మీ వీధిలో?" అంది. మా వీధిలో ఇద్దరు.

ఆవిడ ఇంగ్లీషు మెల్లగా, ముచ్చటగా ఉంటుంది. చేతిలో మాత్రం ఎప్పుడూ ఒక స్టాప్‌వాచ్. మేమంతా ఎనిమిదిమంది టీచర్లం, రకరకాల కాలేజీల వాళ్ళం. మాలో మేమే పిల్లల్లా నటిస్తే, వంతులవారీగా ఒకరు టీచరు పాత్ర వెయ్యాలి. గంట సేపట్లో టీచరు మాట్లాడింది అయిదు నిమిషాలు దాటకూడదు. రత్న మూల కూర్చుని, టీచరు నోరు తెరవగానే వాచీ నొక్కుతుంది, మూయగానే ఆపుతుంది.

మొదటి రోజు నాది నలభై ఒక్క నిమిషాలు.

ఆవిడ ఆ అంకె చదివినప్పుడు గదిలో నవ్వని మనిషి లేడు. నాకూ నవ్వొచ్చింది, సిగ్గూ వేసింది. మా గ్రూపులో పెద్ద గొంతు కర్నూలు నుంచి వచ్చిన సర్జన్ భాస్కర్ గారిది. ఆయన, "మేడమ్, మిగతా పందొమ్మిది నిమిషాలు ఊపిరి పీల్చుకోవడానికి ఆగారా?" అన్నారు. రెండో రోజు నోట్లో లవంగం పెట్టుకుని కూర్చున్నాను. ఇరవై మూడు నిమిషాలు. లవంగం కూడా నమిలేశాను.

ఆ సాయంత్రం క్యాంటీన్లో మూతి ముడుచుకుని కూర్చుంటే, వంట చేసే రెడ్డెమ్మ దగ్గరకొచ్చింది. యాభై దాటిన మనిషి, చెంగు దోపుకుని గరిటెతో సహా వస్తుంది మాట్లాడ్డానికి.

"ఏం మేడమ్, మొగం అట్లుండాది? ఏం నేర్పిస్తా ఉండారు ఆడ?"

"మాట్లాడకుండా ఉండటం నేర్పిస్తున్నారు రెడ్డెమ్మా."

ఆమె గరిటె బుగ్గకి ఆనించుకుని నన్నూ, పక్క బల్ల దగ్గరున్న రత్ననూ మార్చి మార్చి చూసింది. "గమ్మునుండేది నేర్పించేదానికి ఆయమ్మ సముద్రాలు దాటి వచ్చిందా? మా అత్తనడిగింటే వొక్క దినంలో నేర్పించుండునే!"

దాన్ని ఇంగ్లీషులో రత్నకి చెప్పాను. ఆవిడ పడీ పడీ నవ్వి, అత్తగారి ఫోన్ నంబరు కావాలంది.

ఇక తిండి. ఫారిన్ ఆవిడ కదా, కారం తినలేదని నిర్వాహకులు రోజూ పెరుగన్నం ప్రత్యేకంగా చేయించేవారు. మూడో పూట రత్న ఆ గిన్నె పక్కకి నెట్టి, రాగిసంగటి ముద్ద మీద చెనిక్కాయల ఊరిబిండి, అంటే వేరుశనగ పచ్చడి, వేయించుకుంది. పచ్చిమిరపకాయ కొరుక్కుంటూ తినేసి, ఇంకో ముద్ద అడిగింది. నేను అదే ఊరిబిండికి కళ్ళల్లో నీళ్ళు పెట్టుకుని మజ్జిగ గ్లాసు కోసం వెతుక్కుంటున్నాను. గుంటూరు కారం తిన్న నోరని ఇన్నాళ్ళూ చెప్పుకున్న గొప్పలన్నీ ఆ బల్ల దగ్గరే పోయాయి. డిసెంబరు కాబట్టి చిక్కుడు గింజల్లాంటి అనపగింజలు వచ్చాయి. వాటిని నానబెట్టి తోలు ఒలిచి చేసే పితికిపప్పు కూర మా వైపు వాళ్ళకి తెలియదు. తెలిస్తే చలికాలమంతా చిత్తూరులోనే ఉండిపోతారు.

రెడ్డెమ్మ రత్నని కూడా రోజూ "తింటివా రత్నమ్మా?" అని పలకరించేది. దాని అర్థం చెప్పగానే రత్న మొహం వెలిగిపోయింది. "మా ఊళ్ళోనూ ఇంతే. ఎవరు ఎదురైనా సుదా మకాన్ అంటాం. అంటే తిన్నారా అని. ఎలా ఉన్నారని అడగం, అదే అడుగుతాం."

చిత్తూరు

నాలుగో రోజు శిక్షణ లేదు. చివరి రోజు పరీక్షకి వాడే కేసు కాగితం ముందే మా చేతికి ఇచ్చారు. అందులో రోగి రెండు నెలల కిందట మామిడిచెట్టు మీంచి పడి, మణికట్టు విరిగి, పుత్తూరులో కట్టు కట్టించుకున్నాడు. ఇప్పుడు వేళ్ళు తిమ్మిరెక్కుతున్నాయి. ఆ కట్టేమిటో, జనం అక్కడికెందుకు వెళ్తారో చూడకుండా పాఠం ఎలా చెబుతామని రత్న పట్టుబట్టింది. ఒక జీపు మాట్లాడుకుని భాస్కర్ గారూ, రత్నా, నేనూ బయలుదేరాం. చుట్టయినా చిత్తూరు మీదుగా పుత్తూరు వెళ్ళి రావాలని అనుకున్నాం.

చిత్తూరులో బెల్లం మండీ చూశాను. రోడ్డు పొడుగునా తియ్యటి వాసన, అంగట్లో బంగారు రంగు దిమ్మెల గుట్టలు. మా వైపు బెల్లం ముదురు రంగు, ఇక్కడిది పసుపు. రంగు ఎందుకు మారుతుందో రత్నకి చెప్పబోయి ఆమె జేబులోని స్టాప్‌వాచ్ గుర్తొచ్చి నోరు మూసుకున్నాను. అంగడాయన కిలో అరవై అన్నాడు. యాభైకి అడిగాను.

"యాభైకి ఇస్తే నేను ఇంటికి పోయి ఏం సెప్పేది మేడమ్? యాభై ఐదు పెట్టుకోండి. ఇదో, ఈ ముక్క నోట్లో ఏసుకోండి ముందు. తింటిరా లేదా ఇంకా?"

రెండు కిలోలు కొన్నాను. ఒక అరకిలో ముక్క సంచిలో పట్టక నా చేతిసంచిలో, పుస్తకాల మధ్యన కుక్కాను.

పుత్తూరు

కట్టు కట్టే చోట వసారా నిండా జనం. చేతులకీ, కాళ్ళకీ వెదురు దబ్బలు, గుడ్డు సొన పూసిన గుడ్డ చుట్టలు. భాస్కర్ గారు సర్జన్ కదా, మొహం చేదుగా పెట్టుకున్నారు. రత్న మాత్రం ఒక మూల కూర్చుని, చంకలో పిల్లతో ఉన్న ఒకావిణ్ణి అడగమంది, ఆసుపత్రికి వెళ్ళకుండా ఇక్కడికెందుకు వచ్చారని. నేను తెలుగులో అడిగాను.

"ఆసుపత్రికీ పోతిమి మేడమ్. ఆడ మొగం సూడకుండా ఫోటో సూసి సెప్పినారు. ఈడైతే యాడ నించి వచ్చినారు, తింటిరా, బిడ్డ యట్ల పడింది అని అడిగి కడతారు."

కట్టు సంగతి ఎలా ఉన్నా, ఆవిడ చెప్పిన మాట మాకు తగిలింది.

అక్కడి నుంచి మూడు కిలోమీటర్లలో మునస్వామి ఊరు. పరీక్ష రోజు రోగి వేషం వేసేది అతనే. మామూలుగా ఇలాంటి శిక్షణల్లో ఎవరో ఒకరికి రోగం లక్షణాలు కాగితం మీద రాసిచ్చి నటించమంటారు. ఇక్కడి కాలేజీ వాళ్ళు తెలివైనవాళ్ళు. వేసవిలో తిరునాళ్ళప్పుడు వీధినాటకాలాడే కళాకారుల్ని పిలుస్తారు. మునస్వామి ముప్పై ఏళ్ళుగా రాజు వేషం వేస్తున్నాడు. అరవైకి దగ్గరలో ఉన్నాడు, బుగ్గమీసాలు, గొంతు మాత్రం జీపు హారన్ని మించి ఉంది. ఇంట్లో దూలానికి కట్టిన మూటలోంచి తళుకుల కిరీటం తీసి రత్న నెత్తిన పెట్టాడు. ఫోటో నా దగ్గరుంది.

"కాయితం బట్టీ కొట్టేసినా మేడమ్," అన్నాడు నాతో, భాస్కర్ గారు జీపు దగ్గరికి వెళ్ళినప్పుడు. "రాజు ఏసమైనా, రోగి ఏసమైనా ఏసం ఏసమే. ఏసం కట్టే దినం నేను వొక్కపొద్దు. పొద్దు మునిగే దాకా నీళ్ళు తప్ప ఏమీ ముట్టను. మా నాయన కాలం నించీ అంతే."

"రోగి వేషానికి కూడానా?" అని నవ్వాను.

"మీరు నవ్వుతారు. నేను తిని ఆడితే మాట పలకదు."

భార్య చేత మాకు బొరుగులూ, చెనిక్కాయలూ పెట్టించి, తినేదాకా కదలనివ్వలేదు.

చివరి రోజు

నా వంతు చివరి రోజు పడింది. రెండు నమూనా క్లాసుల్లో నలభై ఒకటి, ఇరవై మూడు. ఈ మూడోది అయిదు లోపు రావాలి. లేకపోతే రికార్డులూ, బీరువా.

పదింటికి మొదలవ్వాల్సిన క్లాసు. కానీ విదేశీ అతిథి ఉన్నాక మనవాళ్ళు ఊరుకుంటారా? రత్నకి ఒకరు శాలువా కప్పారు. ఆ శాలువా తీసి మడిచేలోపు ఇంకొకరు కప్పారు. అయిదు శాలువాలూ, మూడు జ్ఞాపికలూ, ఏడు ఉపన్యాసాలూ. మౌనంగా నేర్పడం గురించి ఒకాయన నలభై నిమిషాలు మాట్లాడాడు. మేం లోపల బల్ల చుట్టూ కూర్చునేసరికి పన్నెండున్నర.

మునస్వామి పొద్దున్నించీ బయట బెంచీ మీద కూర్చుని ఉన్నాడు. మణికట్టుకి వెదురు కట్టుతో లోపలికి వచ్చి కూర్చున్నాడు. భాస్కర్ గారూ మిగిలినవాళ్ళూ విద్యార్థులు. నేను టీచర్ని. రత్న మూల కూర్చుని వాచీ పట్టుకుంది.

మొదట్లో బ్రహ్మాండంగా నడిచింది. కేసు పరిచయం మూడున్నర నిమిషాల్లో ముగించాను. "మామిడిచెట్టు మీద నించి పడితిని సార్. పుత్తూరులో కట్టు కట్టించుకుంటిని. ఇప్పుడు ఏళ్ళు తిమ్మిరి," అని కాగితంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. వాళ్ళు అడుగుతున్నారు, అతను చెబుతున్నాడు, నేను గమ్మునున్నాను. నా జీవితంలో ఎనిమిది నిమిషాలు వరసగా నోరు విప్పకపోవడం అదే మొదలు. లోపల ఒకటే సంతోషం.

తర్వాత అతని చెయ్యి వణకడం మొదలైంది. "చూశారా, వేళ్ళ వణుకు కూడా చూపిస్తున్నాడు," అని ఒకాయన పక్కాయన చెవిలో అన్నాడు. ఫ్యాను కిందే కూర్చున్నా నుదుటిమీద చెమట పట్టింది. భాస్కర్ గారు నొప్పి గురించి రెండోసారి అడిగేసరికి, అంత మర్యాదస్థుడూ ఒక్కసారి విరుచుకుపడ్డాడు. "ఎన్ని తూర్లు సెప్పేది? సెప్పిందే సెప్పాలనా?"

"అబ్బ! ఏం నటన!" అన్నారు భాస్కర్ గారు. ఎవరో పుస్తకంలో రాసుకున్నారు, రోగి విసుగు చాలా సహజంగా ఉందని.

నేను చెమట చూస్తున్నాను. చెమట, వణుకు, చిరాకు. ఈ మూడింటినీ ఇదే వరసలో ఇరవై రెండేళ్ళుగా నల్లబల్ల మీద రాస్తున్నాను. అతను పొద్దున్నించీ ఏమీ తినలేదని ఆ గదిలో నాకొక్కదానికే తెలుసు. ఒక పూట తినకపోతే మామూలు మనిషికి ఇంతలా అవ్వదే, ఇంకేదో ఉందనిపించింది. అడగాలి. నోటి దాకా వచ్చింది. రత్న చేతిలో వాచీ కనబడింది. నటనే అయితే? అడిగితే జవాబు చెప్పేసినట్టవుతుంది, క్లాసు పాడవుతుంది, నా పదేళ్ళూ పోతాయి. నోరు మూసుకున్నాను. నిజం దాచుకోవడమెందుకు, ఏడు నిమిషాలు అలా కూర్చున్నాను.

అప్పుడు మునస్వామి లేచి నిలబడబోయి, బల్ల పట్టుకుని, గోడవైపు చూస్తూ ముద్దముద్దగా అన్నాడు. "ఎవుర్రా ఆడ? నా కిరీటం యాడ పెట్టినారు?"

గదిలో అందరూ పగలబడి నవ్వారు. ఇద్దరు చప్పట్లు కొట్టారు.

నేను లేచి వెళ్ళి అతని భుజం పట్టుకున్నాను. ఇంగ్లీషూ గుర్తు రాలేదు, మా గోదావరి మాటా గుర్తు రాలేదు. ఆరు రోజులుగా నా చెవిలో పడ్డ మాటే నోటికొచ్చింది.

"మునస్వామీ, తింటిరా?"

అతను నావైపు చాలా దూరం నుంచి చూసినట్టు చూశాడు. "లేదమ్మా... వొక్కపొద్దు..."

"మాత్రలేమైనా వేసుకున్నారా?"

"సక్కెర మాత్ర... పొద్దున్నే ఏసుకుంటి. ఒక్క పూట గూడా నిలపద్దన్నాడు డాక్టరు."

చప్పట్లు ఆగిపోయాయి. చక్కెర జబ్బుకి మాత్ర వేసుకుని, ఏమీ తినకుండా ఆరేడు గంటలు. రక్తంలో చక్కెర పడిపోయింది. చేతిసంచి బల్లమీద బోర్లించాను. లడ్డూలందరివీ గదుల్లో ఉన్నాయి. నా చిత్తూరు బెల్లం మాత్రం పుస్తకాల మధ్య ఉంది. బల్ల అంచుకి కొట్టి ఓ పక్క విరిచి, గ్లాసు నీళ్ళలో వేసి, పెన్నుతో కలిపాను. మింగగలుగుతున్నాడని చూసుకుని మెల్లగా తాగించాను. రత్న కింద కూర్చుని అతని చెయ్యి పట్టుకుంది. అంతటి భాస్కర్ గారూ చెప్పులు కూడా లేకుండా కింది వార్డుకి పరిగెత్తి, చక్కెర చూసే మిషన్ తెచ్చారు. కనీసం డెబ్బై ఉండాల్సింది, బెల్లం నీళ్ళు తాగాక కూడా యాభై రెండే ఉంది.

ఇంకో పది నిమిషాలకి మునస్వామి తేటగా మా అందరి వంక చూసి, "ఆట మద్దిలో నిలిచిపోయిందే. నేనేమన్నా తప్పు సెప్పినానా?" అన్నాడు. నాకు ఏడుపొచ్చింది. అందరి ముందే ఏడ్చాను.

వార్డు

ఆ మాత్రల పని ఇంకా కొన్ని గంటలుంటుంది, మళ్ళీ పడిపోవచ్చని గ్లూకోజు పెట్టి సాయంత్రం దాకా ఉంచారు. ఆ పూట నాకు కొండమీద దర్శనం టికెట్టు ఉంది. వెళ్ళబుద్ధి కాలేదు. మంచం పక్కన స్టూలు మీద కూర్చున్నాను.

"చక్కెర జబ్బుందని ముందే ఎందుకు చెప్పలేదు?" అని అడిగాను.

"రోగి ఏసానికి రోగిష్టోణ్ణి తీసుకుంటారా మేడమ్? మంచిగా ఉండేవాణ్ణి కదా తీసుకునేది," అన్నాడు అమాయకంగా. ఒక్కపొద్దు ఉండే రోజు మాత్ర సంగతి డాక్టర్ని అడగాలని మాత్రం నా చేతిలో చెయ్యేసి ఒప్పుకున్నాడు.

అంతలో రెడ్డెమ్మ సంగటి గిన్నెతో వచ్చింది. అతనికి తినిపించి, చెంగుతో చెయ్యి తుడుచుకుని, తలుపు దగ్గర వరసగా నిలబడ్డ మావాళ్ళవైపు తిరిగింది.

"ఇంతమంది డాక్టర్లు ఉండారు. తింటివా అని వొక్కరు గూడా అడగలేదా?"

నేనది రత్నకి ఇంగ్లీషులో చెప్పాలి కదా. చెప్పాను. ఆవిడ తల దించుకుంది.

తర్వాత వసారాలోకి పిలిచి వాచీ చూపించింది. "మూడు నిమిషాల యాభై సెకన్లు. క్లాసు మధ్యలో ఆగినా పాసయ్యారు."

సంతోషపడాల్సింది. పడలేకపోయాను. "రత్నా, నాకు ముందే అనుమానం వచ్చింది. ఏడు నిమిషాలు ఊరుకున్నాను. అది మీరు నేర్పిన మౌనం కాదు, భయం. నా గ్రూపు పోతుందని భయం."

"నేను కూడా చెమట చూశాను," అందావిడ. "నేనూ నటనే అనుకున్నాను. మీ మాటలు లెక్కపెడుతూ ఆయన్ని చూడలేదు. మా ఊళ్ళో బిచ్చగాణ్ణి కూడా సుదా మకాన్ అని అడుగుతాం. ఇవాళ పొద్దున్న ఆ బెంచీ పక్కనుంచి శాలువాలు మోసుకుంటూ నాలుగుసార్లు నడిచాను." వాచీ జేబులో వేసుకుంది. "ఈ కథ కేసుగా రాయండి. ఆ ఏడు నిమిషాలు తీసెయ్యకుండా రాయండి."

మునస్వామిని అనుమతి అడిగితే మంచం మీదే లేచి కూర్చున్నాడు. పేరు మారుస్తామంటే మాత్రం ససేమిరా అన్నాడు. "మునస్వామి అనే రాయండి మేడమ్. కింద రాజు ఏసగాడని గూడా ఏయండి."

ఇంటికి వచ్చాక

మొన్న మా కాలేజీలో కొత్త పద్ధతి మొదలైంది. నాకు ఎనిమిదిమంది పిల్లల్ని ఇచ్చారు. మొదటి కేసు మునస్వామిదే. చెమట, వణుకు, చిరాకు, కిరీటం, అన్నీ ఉన్నాయి. తినలేదన్న మాటా, మాత్ర సంగతీ లేవు, అవి వాళ్ళు అడిగి రాబట్టాలి. నేను ఎదురుగా వాచీ పెట్టుకుని గమ్మున కూర్చున్నాను. పిల్లలు గుండె అన్నారు, మెదడు అన్నారు, జ్వరం అన్నారు. నాలుక చివర దురద పెట్టింది. ఓర్చుకున్నాను. చివరి కుర్చీలో, రాజోలు నుంచి వచ్చిన అమ్మాయి, తెలుగు మీడియంలో చదివి ఇంగ్లీషుకి భయపడి నోరే విప్పనిది, మెల్లగా చెయ్యెత్తింది.

"మేడమ్, ఆయన పొద్దున్న ఏమైనా తిన్నాడా?"

క్లాసవగానే మునస్వామికి ఫోన్ చేశాను. వెనక మేకల అరుపులు.

"ఎంతసేపటికి కనుక్కున్నారు మేడమ్ మీ పిల్లోళ్ళు?"

"తొమ్మిది నిమిషాలు."

"మీకు ఎంతసేపయింది?"

మొదటి వణుకు నుంచి లెక్క చెప్పాను. "పదకొండు."

అవతల పెద్ద నవ్వు, రాజు వేషం నవ్వు. "మీకంటే బిరీన కనుక్కున్నారే! మీరు గమ్మునుండేదే మేలు మేడమ్." నవ్వు ఆపి, గొంతు తగ్గించి అడిగాడు. "సరేగానీ, మీరు తింటిరా?"

గడియారం వైపు చూశాను. రెండున్నర. క్లాసు హడావుడిలో నేను పొద్దున్నించీ ఏమీ తినలేదు.